అత్త పేరు చెప్పని మనిషి

కత్తెర లతాయి అత్త ఒళ్ళోనే ఉంది. మరదలు వికా జుట్టు అయిపోయింది. చిన్నకూతురు అకనేసి జుట్టూ అయిపోయింది. ఇక మిగిలింది సేలా తల. అక్కడికి వచ్చేసరికి అత్త చెయ్యి ఆగింది.

అలసిపోయి ఆగలేదు. ఆవిడ అంత తొందరగా అలిసే మనిషి కాదు. పోయిన తమ్ముడి పిల్లల జుట్టు కత్తిరించడం మేనత్తగా ఆవిడ హక్కు. పదోనాడు ఆ పని చేసి మైల దింపాల్సింది ఆవిడే. ఊరు ఊరంతా తెచ్చిన సన్నచాపలు, నారబట్టలు ఆవిడ ముందే గుట్టగా పడి ఉన్నాయి. ఈ పది రోజులూ ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. వసారాలో కూర్చున్న పాస్టరుగారు కూడా ఆవిడ తల ఊపాకే టీ కప్పు ముట్టుకున్నారు.

"ఏం లతాయీ, కత్తెర మొద్దుబారిందా?" అంది పక్కింటి పిసీలా. చావింట్లో కూడా నోరు ఊరుకోని మనిషి ఆవిడ.

"కత్తెరకేం, భేషుగ్గా ఉంది. ఈ తలని ఏ వరసలో వెయ్యాలో తేలడం లేదు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చూపులు చాపల మీదికి దించేశారు. సేలా మాత్రం కదల్లేదు. జుట్టు విరబోసుకుని, చావింటి ఆచారం ప్రకారం నడుముకి చిరుగుల చాప చుట్టుకుని, కూతుళ్ళ వరసలో అకనేసి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తండ్రి సెమిసి పోయిన రోజున ఆమెని అక్కడ ఎవరూ కూర్చోమనలేదు. ఎవరూ లేవమనా లేదు. ఇంతమందిలో అదే పదివేలనుకుంది సేలా.

ఇవాళ లేవమనే గొంతు వచ్చింది. చెక్కగోడ అవతలి నుంచి వచ్చింది.

"ఒరేయ్ సోసెఫో. రాళ్ళు ఎర్రగా కాలిపోయాయి. పందిని గుంటపొయ్యిలోకి దించాలి. వచ్చి ఆ పక్కన పట్టుకో."

ఫెలెటి గొంతు అది. సేలాని పుట్టినప్పుడు పెట్టిన పేరుతోనే పిలిచాడు. ఆమె అన్న. పొయ్యి పొగకి గొంతు బొంగురుపోయింది.

"అక్కడ అంతమంది ఉన్నారు కదా అన్నయ్యా."

"అంతమందీ పరాయివాళ్ళు. తండ్రి పోతే కొడుకులుండాల్సింది పొయ్యి దగ్గర. అద్దం ముందు కాదు."

"ఇక్కడ అద్దం లేదు. కావాలంటే వచ్చి చూసుకో."

రాలేడని ఆమెకి తెలుసు. గదిలో అకనేసి ఉంది. టోంగాలో అన్న అనేవాడు చెల్లెలున్న గది గడప తొక్కడు. ఆమె వింటుండగా వెకిలి మాట అనడు, ఎదురుపడితే తలొంచుకుని పక్కకి తప్పుకుంటాడు. ఫెలెటి అన్నీ ఒప్పుగా చేసే మనిషి. అకనేసి గదిలోకి అతను తొంగి చూసి ఎరగడు.

సేలా గది సంగతి వేరు. అందులోకి ఎప్పుడంటే అప్పుడు వచ్చేవాడు. ఆమె పరుపు మీద అడ్డంగా పడుకునేవాడు, ఆమె వాసన సబ్బు ఎత్తుకుపోయేవాడు, పరీక్షల్లో తన మార్కులు చూసి తనే నవ్వేవాడు. ఆమెని బడిలో ఏడిపించినవాళ్ళ పళ్ళు రాలగొట్టిందీ అతనే. అంత దగ్గరవాడు. ఆ దగ్గరతనమే ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. తనని చెల్లెలనుకుంటే అతను ఆ గదిలోకి వచ్చేవాడే కాదు.

"ఫెలెటీ, గొంతు తగ్గించు. లోపల నీ చెల్లెలుంది" అంది అత్త.

"ఒక్క చెల్లెలుంది అత్తా. ఆ పిల్లకి తప్పయిందని చెప్పు. రెండోవాణ్ణి బయటికి పంపు."

"పంపకపోతే?"

అతను నెమ్మదిగా, పళ్ళు బిగించి అన్నాడు. "నాన్నని చంపిన చేతుల్తో నాన్న పేరు మీద జుట్టు కత్తిరించుకుంటాడా వాడు? అదీ నేను చూడాలా?"

అకనేసి సేలా చెయ్యి పట్టుకుంది. సేలా ఆ చేతిని విడిపించుకుంది. ఓదారిస్తే ఏడుపు వస్తుందని భయం.

అతను అన్నదాంట్లో అబద్ధం లేదని ఆమె నమ్ముతోంది. అదే అన్నిటికంటే పెద్ద బాధ. రాజధాని నుకుఅలోఫా హాల్లో ఆ సాయంత్రం తను లేచి చదవకుండా ఉంటే నాన్న ఇవాళ వసారాలో కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉండేవాడు.

ఆక్లాండ్ యూనివర్సిటీలో ఆమె చేస్తున్నది తనవాళ్ళ చరిత్ర. మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ళుగా బతికిన లెయిటీలు వెనకటి కాలంలో ఎవరింట్లో ఉన్నారు, ఏం పని చేశారు, ఎవరితో కాపురం చేశారు అని ముసలివాళ్ళని అడిగి రాసుకోవడం. మిషనరీల పుస్తకాల్లో లెయిటీల గురించి ఉన్నవన్నీ తిట్లే. వాళ్ళ బతుకు ఉన్నది ముసలమ్మల నోళ్ళలోనే. ఆ ముసలమ్మలందరిలో బాగా చెప్పింది లతాయి అత్త.

పోయినేడు అత్త ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, టేసి కథ చెప్పింది. టేసి కుట్టుపని చేసే లెయిటి. ఈ ఊళ్ళో పెళ్ళిగౌన్లూ, మే నెలలో పిల్లల ఆదివారానికి తెల్లగౌన్లూ అన్నీ టేసి చేతిమీదుగానే వెళ్ళేవి. ఆమె గుడిసె చుట్టూ తిరిగిన మగవాళ్ళ పేర్లన్నీ అత్త వేళ్ళమీద చెప్పింది. ఫలానావాడు, ఫలానావాడు, ఇప్పుడు చర్చిలో ముందు బల్ల మీద కూర్చునేవాడు. చివరికి టేసితో కొన్నేళ్ళు నిజంగా కాపురం చేసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి మాట తగ్గించేసింది. "ఆ మనిషి" అంది. అంతే. తల దించుకుని చాప పీచు గిల్లుతూ కూర్చుంది.

సేలా ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. అందరి పేర్లూ చెప్పినావిడ ఈ ఒక్క పేరు చెప్పలేదని, తల దించుకుందని, చాప పీచు గిల్లిందని. ఎన్నో ఏళ్ళు ఆక్లాండ్‌లో చదివి, చిన్న సంగతి కూడా వదలకుండా రాయడం నేర్చుకున్న పిల్ల కదా. హాల్లో ఆ ముక్కని, మా మేనత్త చెప్పిందని గర్వంగా చెప్పుకుని, గొంతు మార్చి మరీ చదివింది.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. జనం మనసు కదిలింది కాబోలనుకుంది వెర్రిది. ముందు వరసలో ఒక ముసలావిడ లేచి, మొహాన విసనకర్ర అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాక గాని తను చదివింది ఏమిటో ఆమెకి తెలిసిరాలేదు. ఆడది ఏ మగవాడి గురించైనా నోరారా మాట్లాడుతుంది, తన తోడబుట్టినవాడి గురించి తప్ప. అది ఊయల్లో పిల్లలకి కూడా తెలుసు. లతాయి అత్తకి ఉన్నది ఒక్కడే తమ్ముడు.

ఆ ముక్క ఫోన్లలో దీవి అంతా తిరిగింది. సెమిసి ఒక్క మాట అడగలేదు. చర్చికి వెళ్ళడం మానేశాడు. వసారా మీదికి రావడం మానేశాడు. తరవాత అన్నం మానేశాడు. సేలా పళ్ళెం తీసుకెళితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అలాగే పోయాడు.

"ఇదిగో ఇలా చూడు" అంది అత్త.

సేలా తలెత్తింది.

"నాది నాకిచ్చెయ్."

"ఏమిటత్తా?"

"తెలీనట్టు అడక్కు. నా నోట్లోంచి నువ్వు పట్టుకెళ్ళిన మాటలు. నీ ఫోన్లో ఉన్నవి, నీ కంప్యూటర్లో ఉన్నవి, అన్నీ. నేను చెప్పలేదు, నువ్వు వినలేదు. అలా అయిపోవాలి."

"నువ్వు పేరు చెప్పలేదు కదత్తా."

"చెప్పలేదు."

"నేనూ రాయలేదు."

"రాశావు. నేను చెప్పకపోవడాన్ని రాశావు." అత్త ఒళ్ళో కత్తెరని పక్కకి తోసేసింది. "పేరు రాసినా ఇంత పరువు పోయేది కాదు. ఆ లతాయి అబద్ధాలకోరు, దాని మాట ఎవడు నమ్ముతాడు అనుకునేవాళ్ళు. నా తల దించుకోవడం చూశాక నమ్మకుండా ఎలా ఉంటారు? తమ్ముడి పడకింటి సంగతి బయటపెట్టిన అక్కనయ్యాను. వాడి తల దగ్గర కూర్చుని ఏడవడానికి కూడా నాకు సిగ్గేసింది. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలీదు. తెలిస్తే ఈపాటికి ఇచ్చేసేదానివి."

సేలా చాలాసేపు ఆలోచించింది. ఆలోచించడానికి ఏమీ లేదని తెలిసినా ఆలోచించింది. మేనత్త అడిగితే తమ్ముడి పిల్లలు కాదనరు. పందిపిల్లని అడిగినా, బట్ట అడిగినా, కడుపున పుట్టిన బిడ్డని పెంపకానికి అడిగినా ఇచ్చెయ్యాల్సిందే. లెయిటీలు బతికి బట్టకట్టింది ఆ హక్కు నీడలోనే అని, మేనత్త ఒక్కమాట అంటే ఊరు నోరు మూసుకునేదని తన థీసిస్‌లో తనే రాసింది. ఎంత గొప్పగా రాసిందో గుర్తొచ్చి ఆమెకి నవ్వొచ్చినంత పనైంది.

"అది తీసేస్తే నా చదువు అయిపోయినట్టే అత్తా. మిగతాదంతా దానిమీదే నిలబడి ఉంది."

"చదువు పోతే మళ్ళీ చదువుకుంటావు."

"టేసి మళ్ళీ రాదు. ఆవిడకి సమాధి మీద పేరు కూడా లేదు. ఎవరూ పెట్టించలేదు. ఆవిడ ఒకతి బతికిందని చెప్పడానికి ఆ కాగితాలు తప్ప ఈ భూమ్మీద ఏమీ లేదు."

"నా పెళ్ళిగౌను ఉందిగా" అంది పిసీలా పైకే. "ఇప్పటికీ ఒక్క కుట్టు ఊడలేదు. నేనే అందులో పట్టను."

ఎవరో కిసుక్కుమన్నారు. అత్త ఒక్క చూపు చూసింది. పిసీలా విసనకర్ర అందుకుని ఈగలు తోలడం మొదలుపెట్టింది.

వికా తెగిన జుట్టుతో, తన కంటే పెద్దదైన చిరుగుల చాపలో మునిగిపోయి, మూల కూర్చుని ఉంది. హాల్లో జరిగింది ఊరందరికంటే ముందు విన్నది ఆవిడే. మొగుణ్ణి ఒక్కమాట అడగలేదు, పిల్లని ఒక్కమాట అనలేదు. తల్లి తిట్టి ఉంటే బాగుండేదని సేలా ఎన్నిసార్లు అనుకుందో.

అత్త కత్తెర చేతిలోకి తీసుకుంది. ఈసారి గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే నయం.

"నీకు మొదటి గౌను కుట్టించింది ఎవరు?"

"నువ్వే."

"మీ నాన్న బెల్టు తీస్తే అడ్డం నిలబడింది ఎవరు?"

"నువ్వే అత్తా."

"ఇప్పుడూ నేనే నిలబడతాను. నాది నాకిచ్చెయ్. ఈ జుట్టు కూతురి జుట్టుగా కత్తిరిస్తాను. ఇంతమంది ఆడవాళ్ళు సాక్షి, బయట పాస్టరు సాక్షి. రేపటి నుంచి ఈ ఊళ్ళో నిన్ను సోసెఫో అనేవాడి నోరు పడిపోతుంది. నా మాట దాటేవాడెవడో చూస్తాను." ఆవిడ కత్తెరతో గోడ వైపు చూపించింది. "ఇవ్వనంటావా, బలవంతం లేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళు. మీ అన్న పిలుస్తున్నాడు. నేను ఇంకేం మాట్లాడను."

తన జీవితంలో సేలా ఏదైనా మనసారా కోరుకుందంటే అది ఇదే. ఆక్లాండ్‌లో అద్దెగదిలో ఒంటరిగా పడుకుని, నాన్న పోయిన రోజున అత్త తన జుట్టు పట్టుకుంటుందా అని ఊహించుకుని సిగ్గుపడేది. తండ్రి చావు తలుచుకునే కూతురు ఎక్కడైనా ఉంటుందా? కాని అంతకంటే గట్టిగా కూతురినని చెప్పే రోజు ఇంకోటి రాదు. ఈ జుట్టు పడితే ఇక వెనక్కి తీసుకునేవాళ్ళుండరు.

టేసికి ఆ రోజు రాలేదు. అత్త చెప్పిన కథలో అది కూడా ఉంది. టేసి తండ్రి పోయినప్పుడు ఆమెని పొయ్యి దగ్గరికి తరిమేశారు. టేసి గుడిసెకి వెళ్ళి, తన కుట్టుకత్తెరతో తనే జుట్టు కత్తిరించుకుని, తిరిగొచ్చి రాళ్ళు మోసింది. అది చెబుతూ అత్త నవ్వలేదు. ఆ ఒక్కచోటే నవ్వలేదు.

"పందిని దించేశాం" అన్నాడు గోడ అవతల ఫెలెటి. "వాడు లేకుండానే దించేశాం. ఇంక వచ్చినా రాకపోయినా ఒకటే. అత్తా, వాడికి చెప్పు."

అతను వెళ్ళలేదు. గోడకి ఆనుకుని కూర్చున్న చప్పుడు వినబడింది. ఆ పక్క అతని వీపు, ఈ పక్క ఆమె భుజం. మధ్య ఒక చెక్క.

సేలా ఫోన్ తీసింది.

ముందు అత్త గొంతు ఉన్నవన్నీ చెరిపేసింది. ఒక్కొక్కటి అత్తకి చూపించి మరీ చెరిపింది. తరవాత అకనేసి తెచ్చిచ్చిన కంప్యూటర్ తెరిచి ఆ అధ్యాయం తీసేసింది. వేళ్ళు ఎక్కడా తడబడలేదు. తడబడితే బాగుండేది.

"అయిపోయిందా?" అంది అత్త.

లేదని ఎవరికీ తెలీదు. ఒక్క అబద్ధం ఆడితే టేసి ఆక్లాండ్‌లో క్షేమంగా ఉంటుంది. సేలా నోటిదాకా వచ్చింది ఆ అబద్ధం. కాని కత్తెర పట్టుకున్న మేనత్త ముందు అబద్ధమాడి, ఆ చేత్తోనే జుట్టు కత్తిరించుకుంటే ఇక ఆ జుట్టుకి అర్థమేముంది? మేనత్త శాపం తగిలిన పిల్లల కథలు వింటూ పెరిగిన ప్రాణం కూడా.

"ఇంకొకటి ఉంది. మా ప్రొఫెసర్ దగ్గర."

"అయితే ఆవిడకి చెప్పు. నాకు వినబడేటట్టు చెప్పు."

జుడిత్ రెండో మోతకే ఎత్తింది. మంచి మనిషి. వానలో తడిసిన పిల్లిలా వచ్చిన సేలాని మొదటి ఏడాదంతా తన ఇంట్లోనే ఉంచుకున్న మనిషి.

"సేలా, నీ గురించే అనుకుంటున్నాను. ఇప్పుడు పని సంగతి ఎత్తకు. మీవాళ్ళ దగ్గర ఉండు."

"ఆ టేసి అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పినావిడ వద్దంటోంది."

"మొత్తమా?"

"మొత్తం."

"పేర్లు మార్చి..."

"పేరు ఎప్పుడూ లేదు జుడిత్. పేరు లేకపోవడమే గొడవ."

"అది లేకపోతే మిగతావి నిలబడవు, నీకు తెలుసు కదా. ఇంకో గడువు కూడా ఇవ్వరు."

"తెలుసు."

"నిన్నెవరైనా బలవంతపెడుతున్నారా? అవునంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు."

గదిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అందరూ సేలా మొహమే చూస్తున్నారు. అత్త కూడా చూస్తోంది. అవునంటే ఆ క్షణంలో ఏమయ్యేదో.

"లేదు. ఇది ఆవిడ హక్కు."

జుడిత్ నిట్టూర్చింది. "అవును. ఆవిడ హక్కే. వద్దన్నాక మనం ఒక్క ముక్క కూడా దాచుకోకూడదు." యూనివర్సిటీ రూలూ, అత్త మాటా ఇన్నేళ్ళలో ఒక్కసారి కలిశాయి, అదీ ఇందుకు కలిశాయి. "చెరిపేస్తున్నాను సేలా. వింటున్నావా?"

"వింటున్నాను."

మీటలు నొక్కిన చప్పుడు సముద్రం దాటి వచ్చింది. సేలా ఫోన్ బోర్లా పెట్టేసింది.

అత్త ముందుకి జరిగింది. సేలా తల తన మోకాలి మీదికి వంచుకుని, జుట్టు గుప్పిట పట్టింది. ఆవిడ చేతులు కొబ్బరినూనె వాసన వేస్తున్నాయి, చిన్నప్పటి వాసనే.

"సెమిసి పెద్దకూతురు సేలా" అంది అత్త, వసారాలో ఉన్నవాళ్ళకి కూడా వినబడేటట్టు. "తండ్రి కోసం జుట్టు ఇస్తోంది."

మొదటి పాయ తెగింది. చాప మీద వికా జుట్టు పైన, అకనేసి జుట్టు పైన పడింది. ఆడవాళ్ళు గొంతెత్తి ఏడుపు అందుకున్నారు. కూతురికి ఏడ్చినట్టే ఏడ్చారు, లోటు చెయ్యలేదు. అకనేసి ఎక్కిళ్ళు పెడుతూ "అక్కా, అక్కా" అంది.

సేలాకి ఏడుపు రాలేదు. ఇంతకాలం ఎదురుచూసినది వచ్చింది, వచ్చినట్టు తెలుస్తోంది, లోపల ఎక్కడా తగలడం లేదు. చెవి పక్కన కత్తెర ఆడుతుంటే టేసి తన గుడిసెలో ఒంటరిగా వంగి కత్తిరించుకోవడమే కళ్ళకి కడుతోంది.

ఆమె తల ఎత్తి చెక్కగోడకి నోరు దగ్గర పెట్టింది.

"అన్నయ్యా. విన్నావా?"

అవతల చెక్క కిర్రుమంది.

"తిట్టు. ఏదో ఒకటి అను. నేను రానన్నందుకు తిట్టు."

అవతల అతను లేచిన చప్పుడైంది. పొడిదగ్గు దగ్గాడు. తరవాత గోడకి దూరంగా జరిగి మాట్లాడాడు. పొద్దుటి నుంచీ అరిచిన గొంతు కాదది. పాస్టరుగారితో మాట్లాడేటప్పటి గొంతు.

"అమ్మా. లోపల నా చెల్లెళ్ళిద్దరికీ భోజనం అక్కడికే పంపిస్తున్నానని చెప్పు. వాళ్ళు బయటికి రానక్కర్లేదు. నేను ఇటుపక్కకి రాను."

అడుగుల చప్పుడు పొయ్యి వైపు వెళ్ళిపోయింది.

సేలా చెంప ఆ చెక్కకి అలాగే ఆనించి ఉంచింది. ఇకమీదట అతను ఆమె పరుపు మీద పడుకోడు. సబ్బు ఎత్తుకుపోడు. ఒరేయ్ అనడు. దారిలో ఎదురైతే తలొంచుకుని పక్కకి తప్పుకుంటాడు, చచ్చేదాకా మర్యాదగా. అన్నీ ఒప్పుగా చేసే మనిషి.

"తల తిప్పు. ఇంకొక్క పాయ ఉంది" అంది అత్త, ఆమె తల మళ్ళీ మోకాలి మీదికి లాక్కుంటూ. ఆవిడ బుగ్గలు తడిగా ఉన్నాయి. సంతోషంతో ఏడుస్తోందని సేలాకి అర్థమైంది. ఆవిడ మీద కోపం కూడా రావడం లేదు. ఏం చెయ్యాలి?

అప్పుడు మూల నుంచి వికా కదిలింది. ఇంతమందిలో ఆవిడ ఒకతి ఉన్నట్టు అందరూ మరిచిపోయారు.

"వదినా."

"ఏమిటి వికా?"

"ఆయన నా గౌన్లకి అంచు కుట్టేవారు." వికా ఎవరి వంకా చూడకుండా మాట్లాడింది. "పెళ్ళయిన కొత్తలో. మగవాళ్ళకి రాని కుట్టు. లోపలివైపు నుంచి, దారం కనబడకుండా. ఎవరు నేర్పారని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం."

ఏడుపులు సద్దుమణిగాయి. పిసీలా విసనకర్ర ఆగిపోయింది.

"ఇప్పుడాయన లేరుగా. ఇప్పుడడిగితే తప్పేం లేదుగా." వికా తలెత్తి ఆడబిడ్డ మొహంలోకి చూసింది. కొత్తగా తెగిన జుట్టు చెవుల దగ్గర నిక్కబొడుచుకుని, ఆవిడ చిన్నపిల్లలా ఉంది. "ఆ టేసి మంచిదేనా వదినా? ఆయన్ని బాగా చూసుకుందా?"

గదిలో ఉన్న ముసలివాళ్ళలో టేసి కుట్టిన గౌను తొడుక్కోని మనిషి లేదు.

లతాయి అత్త కొంచెంసేపు వికాని చూసింది. మొహంలో ఏమీ కదల్లేదు.

"ఏ టేసి?" అంది.

వికా పిసీలా వైపు తిరిగింది. పిసీలా కిటికీలోంచి పొయ్యి పొగని చూస్తోంది. ఆ పక్కావిడ చాప మీద పడిన వెంట్రుకలు ఒక్కొక్కటీ ఏరుతోంది. ఆ పక్కావిడ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పవే సేలా" అంది వికా. "నీకు తెలుసుగా. హాల్లో చదివావుగా. మంచిదేనా?"

సేలా తల ఇంకా అత్త మోకాలి మీదే ఉంది. చివరి పాయ అత్త గుప్పిట్లో బిగిసింది. కత్తెర తెరుచుకుని, దాని పక్కనే ఆగి ఉంది.